ఓడలో లైబ్రేరియన్ ఉద్యోగం: పంపొచ్చు, కానీ ఇప్పుడే కాదు

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి లైబ్రరీ సైన్స్‌లో పీజీ చదువుతోంది. కాలేజీ పిల్లల్ని ఎక్కించుకుని దేశాలు తిరుగుతూ పాఠాలు చెప్పే ఓడ ఉందట, అందులో లైబ్రేరియన్‌గా చేరతానని పట్టుబట్టింది. అది అసలు ఉద్యోగమేనా? మాకు టెన్షన్‌గా ఉంది. (ఒక తండ్రి)

జవాబు: ఉద్యోగమేనండీ. కాకపోతే రిటైరయ్యేదాకా చేసే ఉద్యోగం కాదు. మీ అమ్మాయి చెబుతున్నది బహుశా అమెరికావాళ్ల 'సెమిస్టర్ ఎట్ సీ' గురించి అయ్యుంటుంది. 1963లో మొదలైంది. 2015లో 'వరల్డ్ ఒడిస్సీ' అనే ఓడకు మారింది. ఆ మరుసటి ఏడాది చదువుల బాధ్యత వర్జీనియా యూనివర్సిటీ నుంచి కొలరాడో స్టేట్ యూనివర్సిటీకి వెళ్లింది. ఒక సెమిస్టర్ అంటే దాదాపు 100 రోజుల ప్రయాణం. సిబ్బందిని ఏ ప్రయాణానికి ఆ ప్రయాణానికే తీసుకుంటారు. అందుకే ఇలాంటి పోస్టులు ఎక్కడో పర్మనెంటుగా పనిచేస్తూ, ఒక సెమిస్టర్ సెలవు పెట్టి వెళ్లగలిగేవాళ్లకే బాగా కుదురుతాయి.

పని ఎలా ఉంటుందో చెబుతాను. రేవులో ఆగిన రోజుల్లో క్లాసులుండవు, సముద్రం మీద ఉన్నన్నాళ్లూ దాదాపు రోజూ ఉంటాయి. ఆదివారం లేదు, పండగ లేదు. టైమ్‌టేబుల్‌లో సోమ, మంగళవారాలకు బదులు 'ఏ' రోజు, 'బీ' రోజు అని మారిమారి వస్తాయి. పసిఫిక్‌లో అంతర్జాతీయ తేదీ రేఖను పడమరకు దాటినప్పుడు ఒక తారీఖు ఎగిరిపోతుంది, తూర్పుకు దాటితే అదే తారీఖు రెండుసార్లు వస్తుంది. పుస్తకం ఎప్పుడు తిరిగివ్వాలో తారీఖు వేసి చెబితే అక్కడ గొడవే! పైగా తూర్పుకు వెళ్తుంటే కొన్ని రాత్రులు గడియారం గంట ముందుకు జరుపుతారు. ఆ గంట నిద్ర పోయినట్టే.

అసలు పరీక్ష మాత్రం రిఫరెన్సు డెస్కు (అడిగినవాళ్లకు సమాచారం వెతికిచ్చే చోటు) దగ్గరే. రెండు రోజుల్లో ఘనా చేరతారనుకోండి. ఎల్మినా కోట గురించి వ్యాసం రాయాల్సిన కుర్రాడు రాత్రి పదింటికి పరుగెత్తుకొస్తాడు. 1482లో పోర్చుగీసువాళ్లు కట్టిన ఆ కోట తర్వాత బానిసల వ్యాపారానికి కేంద్రమైంది. అతనికి కావాల్సిన ఆర్టికల్ డేటాబేస్‌లో కనబడుతుంది కానీ తెరుచుకోదు. వందలమంది పంచుకునే శాటిలైట్ నెట్ మరి. ఇంకో లైబ్రరీ నుంచి తెప్పించే దారీ లేదు. ఉన్న షెల్ఫుల్లోంచే పశ్చిమాఫ్రికా చరిత్ర తీసి, చివరి పేజీల్లోని పదసూచికలో 'ఎల్మినా' వెతికి, ఆ పది పేజీలూ అతని చేతిలో పెట్టాలి. అదే పుస్తకం కోసం ఇంకో పదిమంది వస్తారు కాబట్టి గదికి తీసుకెళ్లనివ్వకుండా అక్కడే కూర్చోబెట్టి చదివించాలి. గూగుల్ లేకుండా ఇలా జవాబు వెతకడం నా దృష్టిలో ఈ రోజుల్లో చాలామంది లైబ్రరీ పట్టభద్రులకు రాని విద్య. మీ అమ్మాయికి వస్తుందేమో అడగండి.

ఇంకోటి, అక్కడ డ్యూటీ అయ్యాక ఇల్లు అంటూ ఉండదు. భోజనాల దగ్గర ఎదురుపడ్డ విద్యార్థి కూడా "నా పుస్తకం వచ్చిందా?" అనే అడుగుతాడు. ఒంటరితనం ఇష్టపడి లైబ్రరీ సైన్స్ తీసుకున్నవాళ్లకు ఇది నరకం.

భద్రత సంగతి దాచను. 2005 జనవరిలో అప్పటి ఓడ 'ఎక్స్‌ప్లోరర్'ను ఉత్తర పసిఫిక్‌లో సుమారు 50 అడుగుల అల కొట్టింది. బ్రిడ్జి (ఓడను నడిపే గది) అద్దం పగిలి ఇంజన్లు మొరాయించాయి, చివరికి ఓడను హొనొలులు చేర్చారు. అది అరుదు. అరుదు కానిది కడుపులో తిప్పడం. ఊగుతున్న గదిలో అక్షరాల మీద చూపు నిలిపితే అది ఇంకా ఎక్కువవుతుంది. బస్సులో ఫోన్ చూస్తే వాంతి వచ్చే మనిషైతే ఇప్పుడే ఆలోచించుకోవాలి.

డబ్బు మిగుల్తుందని మాత్రం పంపకండి. గది, భోజనం ఓడలోనే, చేతికొచ్చేది తక్కువ.

కాబట్టి నా సలహా, ముందు ఏదైనా యూనివర్సిటీ లైబ్రరీలో రెండు మూడేళ్లు రిఫరెన్సు డెస్కు మీదే పనిచేయనివ్వండి. పుస్తకాల వివరాలు జాబితాకెక్కించే కేటలాగింగ్ గదిలో కూర్చుంటే ఈ దారికి పెద్దగా ఉపయోగపడదు. కొత్త విద్యార్థులకు లైబ్రరీ వాడకం నేర్పే క్లాసులు అడిగి మరీ తీసుకోవాలి. అమెరికా సంస్థలు సాధారణంగా అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపున్న మాస్టర్స్ డిగ్రీ అడుగుతాయి, మన పీజీ దానికి సమానంగా లెక్కలోకి వస్తుందో లేదో దరఖాస్తుకు ముందే వాళ్లకు మెయిల్ రాసి తేల్చుకోవాలి. అదే మెయిల్‌లో భారత పాస్‌పోర్టుతో దారిలో వచ్చే దేశాల వీసాలు ఎవరు చూస్తారో, ఖర్చు ఎవరిదో కూడా అడగమనండి. వీసా పనికే నెలలు పట్టొచ్చు. ప్రయాణం ముగిశాక కూడా పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలేలా చూసుకోవాలి, గడువు దగ్గరపడితే రెన్యువల్ పని ముందు పెట్టుకోండి.