పాత వ్యాన్ గేర్‌బాక్స్ ఇంట్లో మార్చుకుంటే ఆర్‌సీ పోతుందా?

ప్రశ్న: మాది 2012 మోడల్ మారుతి ఓమ్ని, సొంత వాడకానికే. మూడో గేరు వేస్తే జారి న్యూట్రల్‌లోకి వచ్చేస్తోంది. విజయవాడ ఆటోనగర్‌లో పాత గేర్‌బాక్స్ కొని, ఇంటి దగ్గరే నేనూ తమ్ముడూ బిగించుకుందామనుకుంటున్నాం. అలా చేస్తే ఆర్‌సీ రద్దవుతుందని, ఇన్సూరెన్స్ రాదని కొందరు భయపెడుతున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, కృష్ణా జిల్లా

జవాబు: టెన్షన్ పడకండి. సొంత బండిని ఇంట్లో విప్పి బాగుచేసుకోవడాన్ని మోటారు వాహనాల చట్టం తప్పు పట్టదు. ఆ చట్టం 52వ సెక్షన్ చూసేది ఆర్‌సీలో ఉన్న వివరాలు మారాయా లేదా అనే. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, సీట్లు లాంటివన్నమాట. అదే మోడల్ గేర్‌బాక్స్ బిగిస్తే ఇవేవీ మారవు కాబట్టి ఆర్టీఓ అనుమతి అక్కర్లేదు. అయితే అమ్మేవాళ్లు ‘ఇంజన్‌తో కలిపి తీసుకో, చౌకగా ఇస్తా’ అంటే మాత్రం ఆశపడకండి. ఇంజన్ మారిస్తే ఆర్టీఓ ఆఫీసులో చెప్పి ఆర్‌సీలో ఎక్కించుకోవాల్సిందే.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది పాత సామాను కొనుగోలు. దొంగబండ్లు విప్పి అమ్మిన భాగాలూ మార్కెట్లో తిరుగుతుంటాయి. దొంగసొత్తని తెలిసో, అనుమానించడానికి తగిన కారణం ఉండీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. అందుకే ధర మరీ తక్కువగా ఉంటే వదిలేయండి. షాపు పేరు, తేదీ, ఏ బండి గేర్‌బాక్సో రాసిన బిల్లు తీసుకోండి. ఎన్నాళ్ల గ్యారంటీ అన్నదీ అందులోనే రాయించండి, నోటిమాట కోర్టులో నిలబెట్టడం కష్టం. సరుకు పాడైనదని తేలి షాపువాళ్లు మార్చనంటే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు ఉండదు.

ఇన్సూరెన్స్ సంగతి. అరిగి పాడైన గేర్‌బాక్స్ ఖర్చు మామూలు పాలసీలో ఎలాగూ రాదు. ఇంట్లో బాగుచేశారన్న ఒక్క కారణంతో థర్డ్ పార్టీ బాధ్యత నుంచి కంపెనీ తప్పుకోలేదు. కానీ బండిని సరైన స్థితిలో ఉంచుకోవాలన్నది పాలసీ షరతే. బిగింపు సరిగా లేక మీ బండికే దెబ్బ తగిలితే ఆ క్లెయిమ్ మీద పేచీ పెట్టొచ్చు.

ఒక్కమాట గట్టిగా చెబుతున్నాను. గేరు జారుతోందని తెలిసీ ఇప్పుడు దాన్ని రోడ్డెక్కించకండి. ప్రమాదం తెచ్చే లోపం తెలిసి నడిపితే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద 1,500 రూపాయల దాకా జరిమానా, దానివల్ల ఎవరికైనా గాయమైతే మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మీ వీధి కూడా బహిరంగ ప్రదేశమే. బిగించాక ముందు ఆవరణలోనే గేర్లన్నీ వేసి చూడండి. రోడ్డు మీద ట్రయల్ వేసేముందు తెలిసిన మెకానిక్ చేత ఒకసారి చూపించండి.