క్యాజువాలిటీలో ఫిజియోథెరపిస్టుకి ఏం పని?

ప్రశ్న: మా అబ్బాయి విశాఖలోనే బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చివరి సంవత్సరం చదువుతున్నాడు. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లని ఫిజియోథెరపిస్టులే చూసి పంపేస్తారట. ఎముక విరిగిందో లేదో వీళ్లకెలా తెలుస్తుందండీ? మన దగ్గర కుదిరే పనేనా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: కుదురుతుందమ్మా. కాకపోతే ఏ కేసు తనది కాదో వెంటనే పసిగట్టగలిగినవాళ్లకే. అక్కడ వాళ్లు చూసేవి ముఖ్యంగా బెణుకులు, నడుంనొప్పి, మెడనొప్పి. గుండెనొప్పి, పెద్ద యాక్సిడెంట్లు డాక్టర్లవే.

బస్సు దిగుతూ కాలు మెలిపడ్డ మనిషి వచ్చాడనుకోండి. కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో ప్రకటించిన నియమాలున్నాయి. చీలమండకి రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల్ని కొన దగ్గర, వెనక అంచు వెంబడి 6 సెంటీమీటర్ల పైదాకా వేలితో నొక్కి చూస్తారు. అక్కడ ఎముక మీద నొప్పి ఉన్నా, దెబ్బ తగిలినప్పుడూ ఇప్పుడూ కూడా నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయాలి. పాదం మధ్యలో నొప్పుంటే చిటికెనవేలి వైపు, లోపలి వైపు ఎముకల్నీ ఇలాగే చూడాలి. వాపు ఎంతుందన్నది లెక్కలోకి రాదు. షుగరుతో పాదం మొద్దుబారినవాళ్ల దగ్గర, తాగి ఉన్నవాళ్ల దగ్గర ఈ పరీక్షని నమ్ముకోకూడదు. బెణుకనుకుని వదిలేసే ఇంకొకటి, మడమ వెనక స్నాయువు (పిక్క కండరాన్ని మడమ ఎముకకి కలిపే తాడులాంటిది) తెగడం. బోర్లా పడుకోబెట్టి పిక్క పిండితే పాదం కదలాలి. కదలకపోతే ఆర్థో డాక్టరుకి చూపించాల్సిందే.

నడుంనొప్పిలో మూత్రం ఆగిందా, కూర్చునే చోట స్పర్శ తగ్గిందా, రెండు కాళ్లూ బలం తప్పాయా అని మొహమాటం లేకుండా అడగాలి. ఒక్కదానికి అవునన్నా వెంటనే డాక్టరుని పిలవాలి. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు శాశ్వతంగా పోవచ్చు.

ఇక చంకకర్రలు. రద్దీలో ఎవరూ పట్టించుకోనిది ఇదే. కర్ర పైకొన చంకకి రెండు మూడు వేళ్ల కిందుండాలి, పిడి మణికట్టు ఎత్తులో ఉండాలి, బరువు అరచేతుల మీద పడాలి. చంక ఆనిస్తే నరం నలిగి చెయ్యి మొద్దుబారుతుంది. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు కర్రలు, దెబ్బకాలు ముందు. లిఫ్టు లేని మూడో అంతస్తుకి వెళ్లేవాళ్లకి ఆసుపత్రి మెట్ల మీదే నడిపించి చూపాలి.

బ్రిటన్‌లో అదనపు శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టులకి 2013లో సొంతంగా మందులు రాసే హక్కు కూడా వచ్చింది. మన దగ్గర 2021 చట్టం ఈ వృత్తిని జాతీయ కమిషన్ కిందికి తెచ్చింది. మందులు మాత్రం డాక్టరే రాయాలి. అందుకే విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరు పక్కనే ఒక ఫిజియోథెరపిస్టుని కూర్చోబెట్టి, ఏ లక్షణం కనిపిస్తే ఎవరికి అప్పగించాలో ముందే రాసిపెట్టుకుంటే చాలు, మొదలుపెట్టొచ్చని మా నమ్మకం.

ఇంటర్న్‌షిప్‌లో మీ అబ్బాయిని ఆర్థో, క్యాజువాలిటీ పోస్టింగులు అడిగి మరీ వేయించుకోమనండి. ప్రతి కేసులో తన అంచనా ముందు కాగితం మీద పెట్టి, ఆ తర్వాతే ఎక్స్‌రే చూడాలి.