‘ట్రామా’ అని రాశారు.. నాన్నకు మానసిక సమస్యా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. పద్దెనిమిది రోజుల క్రితం బైకు మీద నుంచి పడ్డారు. ఒక పక్కటెముక చిట్లింది. డిశ్చార్జి కాగితంలో ‘బ్లంట్ ట్రామా’ అని ఉంది. ట్రామా అంటే మానసిక జబ్బని మా బంధువు ఒకరు అన్నారు. నిజంగానే నాన్న కుక్కర్ విజిల్ వేసినా ఉలిక్కిపడుతున్నారు, బండి ఎక్కనంటున్నారు. డాక్టర్ రాసింది దీని గురించేనా? - ఒక పాఠకురాలు

జవాబు: కాదమ్మా. ఆ కాగితంలో ఉన్నది ఛాతీకి తగిలిన దెబ్బ గురించే. ట్రామా గ్రీకు మాట. అసలు అర్థం గాయం, అంతే. ఆస్పత్రి గేటు మీద ‘ట్రామా కేర్’ అని ఉండేదీ ఈ అర్థంలోనే. ఇక ‘బ్లంట్’ అంటారా, దానికి మన ఊళ్లలో చక్కని మాటే ఉంది: మూగదెబ్బ. పైన చర్మం చీలదు, నెత్తురు కనిపించదు, నొప్పంతా లోపలే.

మీ బంధువు చెప్పిన అర్థమూ ఉంది, కాకపోతే అది తర్వాత వచ్చి చేరింది. దానికి దారి వేసింది రైళ్లు. ఇంగ్లండ్‌లో రైలు ప్రమాదాల నుంచి బయటపడ్డవారిలో కొందరికి ఒంటి మీద పెద్ద గాయం లేకపోయినా నిద్ర పట్టేది కాదు, వణుకు తగ్గేది కాదు. లండన్ సర్జన్ జాన్ ఎరిక్ ఎరిక్సన్ 1866లో వీరి గురించి రాస్తూ, వెన్నుపాము అదిరిపోవడమే కారణమన్నారు. 1889లో జర్మనీకి చెందిన నరాల వైద్యుడు హెర్మన్ ఓపెన్‌హైమ్ దీన్ని ‘ట్రామాటిక్ న్యూరోసిస్’ అన్నారు, అంటే దెబ్బ తర్వాత వచ్చే నరాల జబ్బు అని. అలా ఒంటి గాయానికి వాడే మాట మనసు వైపు జరిగింది. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం తన జబ్బుల జాబితాలో పీటీఎస్‌డీని, అంటే పెద్ద ప్రమాదంలాంటిది జరిగాక మనసును వదలని భయాన్ని, చేర్చింది మాత్రం 1980లోనే. మనకిది వింతేమీ కాదు. కాలికి దెబ్బ తగిలిందంటాం, వ్యాపారంలో దెబ్బతిన్నాడనీ అంటాం.

ఇప్పుడు నాన్నగారి సంగతి. పక్కటెముక అతకడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. ఛాతీకి గట్టిగా గుడ్డ చుట్టకండి. అలా చుడితే ఊపిరి పూర్తిగా ఆడక నిమ్ము చేరే ప్రమాదం ఉంది. దగ్గు వచ్చినప్పుడు చిన్న దిండును నొప్పి ఉన్నచోట అదిమి పట్టుకుని దగ్గమనండి. గంటకోసారి నిదానంగా లోతైన శ్వాస తీసుకోమనండి. ఆయాసం, జ్వరం, కఫంలో నెత్తురు కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. తలకూ దెబ్బ తగిలిందేమో ఒకసారి అడగండి. రోజురోజుకీ పెరిగే తలనొప్పి, మగత, మాట తడబాటు ఉంటే ఇన్ని రోజుల తర్వాతైనా తలకు స్కాన్ అవసరమవుతుంది. రక్తం పలుచబడే మందులు వాడేవారైతే అసలు ఆలస్యం చేయొద్దు.

ఉలిక్కిపడటం, బండంటే భయం ప్రమాదం జరిగిన తొలి నెలలో చాలామందిలో చూస్తాం. ఎక్కువ మందికి క్రమంగా తగ్గిపోతుంది. నెల దాటినా తగ్గకపోతే, పీడకలలు వస్తుంటే సైకియాట్రిస్టుకు చూపించండి. కౌన్సెలింగ్‌తో బాగా గుణం కనిపిస్తుంది. ఫోనులో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. ‘మగాడివి, భయమేమిటి’ అని మాత్రం ఎవరినీ అననివ్వకండి. నొప్పి తగ్గాక మొదట మీ వెనక కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా తీసుకెళ్లి రండి. హ్యాండిల్ ఎప్పుడు పట్టుకోవాలో ఆయనకే వదిలేయండి.