బండికి 3.6 లక్షల సోకులు, ఇంట్లో 17 రోజుల డబ్బు

ప్రశ్న: నా వయసు 35. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు చేతికి 1,52,000 వస్తుంది. భార్య ప్రస్తుతం ఉద్యోగం చేయడం లేదు, పాపకు ఐదేళ్లు. ఇంటి ఖర్చులు 45,000, హోమ్ లోన్ ఈఎంఐ 46,000, ఖమ్మంలో అమ్మానాన్నలకు 10,000, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే సిప్ 15,000, బండి పెట్రోలు, సర్వీసు 6,000. 2023లో ట్రయంఫ్ బోనవిల్ స్పీడ్‌మాస్టర్ బైక్ కొన్నాను. ఉన్న ఎఫ్‌డీ డౌన్ పేమెంట్‌కు పోయింది. బండి ఈఎంఐ 19,500, ఇంకా 26 నెలలు ఉంది. దాన్ని నాకు నచ్చినట్టు కస్టమైజ్ చేయించి జూన్‌లో లద్దాఖ్ వెళ్లాలని ఉంది. కస్టమైజేషన్‌కే మొత్తం 3.6 లక్షలు అవుతుంది, షీట్ జత చేశాను. పర్సనల్ లోన్ 14 శాతానికి ఇస్తామంటున్నారు. హోమ్ లోన్ మీద టాపప్ (అదనపు లోన్) అయితే 9 శాతం. ఏది మేలు? లేదా సిప్ ఆపేయనా? బ్యాంకులో 70,000 ఉంది. కార్డు లిమిట్ 6 లక్షలు ఉంది కాబట్టి అత్యవసరానికి ఇబ్బంది లేదు. బండి ఇన్సూరెన్స్ 2028 వరకు ఉంది. టర్మ్ పాలసీ (జీవిత బీమా) కోటి రూపాయలకు తీసుకున్నాను. మూడు నెలల్లో బోనస్ 1.8 లక్షలు వస్తుంది, అది ట్రిప్‌కు అనుకుంటున్నాను.

సమాధానం: రెండు లోన్లూ వద్దు. ఇంతే అయితే మీకు విడిగా రాసి ఊరుకునేవాణ్ని. కానీ ‘కార్డు లిమిట్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు’ అన్న మాట చూశాక నలుగురూ చదివేలా ఇక్కడే రాయాలనిపించింది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో మంచి జీతం ఉన్నవాళ్లే ఈ మాట ఎక్కువగా అంటారు.

మీ సరదాను నేను తప్పు పట్టడం లేదు. 1200 సీసీ ఇంజిను, 4,000 ఆర్‌పీఎం దగ్గరే 106 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం), నేలకు దగ్గరగా ఉండే సీటు. తెల్లవారుజామున శ్రీశైలం రోడ్డెక్కి, మన్ననూరు దాటాక అడవిలో నింపాదిగా పోతూ ఉంటే కలిగే సుఖానికి వెల కట్టలేం. వారమంతా స్క్రీన్ ముందు కూర్చునే మనిషికి అది కావాలి కూడా. నా బాధంతా ఆ రోడ్డు మీద ఏదైనా జరిగితే ఇంట్లో ఏమవుతుందన్నదే.

మీ అంకెలతోనే చూద్దాం. జీతం వచ్చినా రాకపోయినా మీ ఇంట్లోంచి నెలకు పోయే డబ్బు ఎంత? ఇంటి ఖర్చు, రెండు ఈఎంఐలు, అమ్మానాన్నలకు పంపేది కలిపితే 1,20,500. సిప్, పెట్రోలు ఇందులో లెక్కేయలేదు. మీ దగ్గరున్నది 70,000. అంటే 17 రోజులకు సరిపోతుంది. పద్దెనిమిదో రోజు నుంచి అప్పే.

ఇక కార్డు సంగతి. ఆరు లక్షల లిమిట్ మీ డబ్బు కాదు, బ్యాంకు మీకు అప్పివ్వడానికి ఈ రోజుకు ఒప్పుకున్న మొత్తం. దాన్ని తగ్గించే అధికారం బ్యాంకుకు ఉంది. ఉద్యోగం పోయి నాలుగు చోట్ల ఆలస్యంగా కట్టడం మొదలైందంటే సరిగ్గా అప్పుడే తగ్గిస్తుంది. హోమ్ లోన్ ఈఎంఐని కార్డు గీకి కట్టడం మామూలుగా కుదరదు. నగదు తీయాలంటే లిమిట్‌లో కొంత భాగమే ఇస్తారు, తీసిన రోజు నుంచే వడ్డీ. బకాయి మీద నెలకు మూడు, మూడున్నర శాతం అంటే ఏడాదికి 40 శాతం దాకా పోతుంది. మీరు ఎమర్జెన్సీ ఫండ్ అనుకుంటున్నది ఇది.

నా క్లయింట్ ఒకాయన సంగతి చెబుతాను. ఆయనదీ ఇలాంటి పెద్ద క్రూజరే. కొన్నేళ్ల కిందట నాగార్జునసాగర్ నుంచి తిరిగొస్తూ మలుపులో కంకర మీద జారాడు. వేగం నలభై కూడా లేదు. కానీ రెండున్నర క్వింటాళ్ల బండి కాలి మీద పడింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది, ప్లేట్ వేశారు. ఆసుపత్రి బిల్లులో ఎక్కువ భాగం కంపెనీ ఇచ్చిన హెల్త్ పాలసీ కట్టింది. అందరూ గండం గడిచిందనుకున్నారు. అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. ఫిజియోథెరపిస్ట్ రోజూ ఇంటికి వస్తే 700. చెకప్‌కు వెళ్లిన ప్రతిసారీ క్యాబ్. అద్దె వీల్‌చెయిర్. మొదటి నెల రాత్రిపూట ఒక మనిషి. ఇవేవీ హెల్త్ పాలసీలో రాలేదు. సెలవులు రెండు నెలలకు అయిపోయాయి, తర్వాత మూడు నెలలు లాస్ ఆఫ్ పే, అంటే జీతం లేని సెలవు. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ మీద ఒక పాలిథిన్ కవరు ఉంది. అందులో ఎక్స్‌రేలు, మందుల చీటీలు, మూడు కార్డుల స్టేట్‌మెంట్లు. ప్రతి స్టేట్‌మెంట్ మీదా ‘మినిమమ్ డ్యూ’ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఉంది. ఆయన భార్య నన్ను అడిగింది ఒక్కటే: పిల్లల స్కూలు ఫీజు ఈ నెల ఆపితే ఏమన్నా అంటారా అని.

కాలు ఐదు నెలల్లో నయమైంది. కార్డులు తీరడానికి మూడేళ్లు పట్టింది.

బండి ఎక్కే ప్రతి ఒక్కరికీ నేను ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలని పట్టుబట్టేది అందుకే. ఉద్యోగం పోతే జీతం ఆగుతుంది కానీ ఖర్చు కాస్త తగ్గించుకోవచ్చు. బండి మీంచి పడితే జీతం ఆగుతుంది, ఖర్చు పెరుగుతుంది, ఇంటి వ్యవహారాలు చూసే మనిషే మంచంలో ఉంటాడు. మీకు కావలసిన ఫండ్ 7,23,000. ఆ మొత్తం విని చాలామంది నీరసపడి అసలు మొదలే పెట్టరు. మీరు ముందు మూడు నెలల మొత్తం, అంటే 3,61,500 లక్ష్యంగా పెట్టుకోండి. మీ కస్టమైజేషన్ షీట్ మొత్తం కూడా దాదాపు అంతే, గమనించండి.

ఆ డబ్బు ఎక్కడ పెట్టాలన్నది పెద్ద విషయం కాదు. స్వీప్ ఇన్ ఎఫ్‌డీ (ఖాతాకు జోడించి, కావాలన్నప్పుడు తీసుకోగలిగే ఎఫ్‌డీ) అయినా సరే, కొంత లిక్విడ్ ఫండ్ (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) అయినా సరే. కానీ యూపీఐకి తగిలించిన ఖాతాలో ఉంచకండి. ఖాతా మీ ఇద్దరి పేర, ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలో, అంటే ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా ఉండాలి. మీరు ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నప్పుడు మీ భార్యకు మీ ఫోన్ పాస్‌వర్డ్‌తో, ఓటీపీతో పని పడకూడదు.

ఇన్సూరెన్స్ 2028 వరకు ఉందన్నారు. పాలసీ కాగితం తీసి రెండు తేదీలూ చూడండి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్లకు ఐదేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి చేశారు. మీ బండికి 2028 వరకు ఉన్నది అదే అయి ఉంటుంది. షోరూమ్‌లో మామూలుగా ఇచ్చే పాలసీలో ఓన్ డ్యామేజ్ ఒక్క ఏడాదికే ఉంటుంది, దాన్ని ఏటా మనమే రెన్యూ చేసుకోవాలి. చేయకపోతే మీ బండి ఎవరినైనా గుద్దితే వాళ్లకు పరిహారం వస్తుంది. మీ బండి దొంగతనానికి గురైనా, నుజ్జయినా మీకు రూపాయి రాదు, లోన్ మాత్రం 26 నెలలు కట్టాలి. అది లాప్స్ అయి ఉంటే ఈ వారమే తీసుకోండి. ముందు బండిని చూశాకే పాలసీ ఇస్తామని కంపెనీ అనొచ్చు, 90 రోజులు దాటి ఉంటే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా పోయినట్టే. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ పైబడిన బండ్ల మీద జీఎస్టీ 40 శాతం అయింది. మళ్లీ ఇలాంటిదే కొనడం అప్పటికన్నా బరువు.

బండి పాలసీతోపాటు 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటుంది కదా అంటారు. అది ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా పనికొస్తుంది. కాలు విరిగి ఐదు నెలలు మంచంలో ఉంటే అందులో ఏమీ రాదు. విడిగా 50 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి. తాత్కాలిక వైకల్యానికి వారం వారం డబ్బిచ్చే అంశం అందులో ఉండేలా చూడండి. రేసింగ్‌లో జరిగిన ప్రమాదాలకు వర్తించదన్న షరతు కూడా చదువుకోండి. కోటి టర్మ్ పాలసీ మీ హోమ్ లోన్‌కు సరిపోతుందేమో గానీ పాప చదువుకు చాలదు. ఇప్పుడు వ్యక్తిగత టర్మ్ పాలసీలకు జీఎస్టీ లేదు కాబట్టి పెంచుకోండి.

ఇక మీరు అడిగిన లోన్లు. పర్సనల్ లోన్ మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 12,300. మీ ఖర్చులన్నీ పోగా నెలకు మిగిలేది 10,500. అంటే మొదటి నెల నుంచే లోటు. టాపప్‌లో ఈఎంఐ తక్కువ కనిపిస్తుంది, అదే దాంతో వచ్చే ప్రమాదం. పదిహేనేళ్లకు పెడితే నెలకు 3,650. మొత్తం వడ్డీ దాదాపు 3 లక్షలు. మీ పాప ఇంజినీరింగ్‌లో చేరే నాటికి కూడా మీరు ఈ హ్యాండిల్ బార్‌కు డబ్బు కడుతూనే ఉంటారు. పైగా సైలెన్సర్ల కోసం ఇంటిని తాకట్టు పెట్టడం ఏమిటండీ? బంగారం మీద లోన్, నో కాస్ట్ ఈఎంఐ గురించి అడగలేదు కానీ అడిగినా ఇదే జవాబు.

మీ షీట్ జాగ్రత్తగా చూశాను. సైలెన్సర్ల జత 95,000. పెయింట్ 60,000. సైడ్ బ్యాగులు 45,000. హ్యాండిల్ బార్, కేబుళ్లు 40,000. వెనక షాక్ అబ్జార్బర్ 35,000. సీటు, విండ్‌స్క్రీన్ చెరో 30,000. ఫాగ్ లైట్లు 25,000. ఎనిమిది వరుసల్లో బండికి అన్నీ ఉన్నాయి. జాకెట్, గ్లవ్స్, బూట్లు ఎక్కడా లేవు. ఇన్సూరెన్స్ వరుస లేదు.

వీటిలో మీకు నిజంగా పనికొచ్చేవి సీటు, షాక్ అబ్జార్బర్. రోజుకు నాలుగు వందల కిలోమీటర్లు నడిపేవాడికి నడుము ముఖ్యం. విండ్‌స్క్రీన్ కూడా సరే. సైలెన్సర్ల దగ్గర ఆగండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ను మార్చడం కుదరదు. శబ్దం ఎక్కువుంటే పోలీసులు ఆపుతారు, పీకేస్తారు. 95,000 అక్కడే పోతుంది. బండి రంగు మారిస్తే ఆర్సీలో ఎక్కించాలి. ఏ మార్పు చేసినా ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే రాసి, కొంత ప్రీమియం ఎక్కువైనా పాలసీలో చేర్పించండి. చెప్పకుండా బిగించిన వస్తువుకు క్లెయిమ్ రాదు. ఆ మార్పే ప్రమాదానికి కారణమని నష్టం లెక్కగట్టే సర్వేయర్ రాశాడంటే మొత్తం క్లెయిమ్‌కే చిక్కు. అలాగే తీసేసిన ఒరిజినల్ సీటు, షాక్ అబ్జార్బర్ పడేయకుండా అట్టపెట్టెలో దాచండి. అమ్మేటప్పుడు కస్టమ్ పనికి పెట్టిన డబ్బు తిరిగి రాదు. ఒరిజినల్ పార్టులు ఉంటేనే మంచి ధర పలుకుతుంది.

చేయాల్సింది ఇది. సిప్‌లో 10,000 కొంతకాలం ఆపండి, 5,000 నడవనివ్వండి. ఆపిన పది వేలు, మిగిలే 10,500 కలిపి నెలకు 20,500 ఎమర్జెన్సీ ఖాతాలోకి పోవాలి, జీతం పడ్డ రోజే. బోనస్‌లోంచి ఇన్సూరెన్స్ ప్రీమియాలు కట్టి మిగతాదంతా అందులోనే వేయండి. అప్పుడు ఎనిమిదో నెలకో తొమ్మిదో నెలకో మూడు నెలల ఫండ్ పూర్తవుతుంది. అప్పటినుంచి నెలకు 15,500 ఫండ్‌కు, 5,000 బండి సరదాకు విడిగా తీయండి. ఆరు నెలలు తిరిగేసరికి సీటు వస్తుంది, ఇంకో ఏడు నెలలకు షాక్ అబ్జార్బర్. బండి లోన్ తీరే నాటికి మీ నెల ఖర్చు 1,01,000కు దిగుతుంది, ఆరు నెలల ఫండ్ దాదాపు పూర్తయి ఉంటుంది. అప్పుడు మిగిలే 19,500తో సిప్ పూర్తిగా నడిపినా పెయింట్‌కు మీకు ఎవరి లోనూ అక్కర్లేదు.

మీ బండి కథ మీకు తెలిసే ఉంటుంది. 1983లో పాత ట్రయంఫ్ కంపెనీ మూతపడ్డాక జాన్ బ్లూర్ అనే ఇళ్లు కట్టే వ్యాపారి ఆ పేరు కొన్నారు. ఇంగ్లండ్‌లోని హింక్లీలో కొత్త ఫ్యాక్టరీ కట్టి, కొత్త బండ్లు అమ్మకానికి తెచ్చేసరికి 1991 అయింది. అన్నేళ్లు వాళ్లు ఆగారు, మీరు తొమ్మిది నెలలు ఆగండి.

లద్దాఖ్ ఈ జూన్‌లో వద్దు, ఫండ్ మూడు నెలల ఖర్చుకు చేరాక, ఆ తర్వాత వచ్చే బోనస్‌తో వెళ్లండి. ఈలోపు శ్రీశైలం ఉంది, గండికోట ఉంది, మారేడుమిల్లి ఉంది. జాకెట్, గ్లవ్స్, బూట్లు మాత్రం బోనస్ దాకా ఆగకుండా ఈ నెలే కొనండి. 30,000 దాకా అవుతుంది. ఆ 70,000 లోంచి తీయడానికి నేను ఒప్పుకునే ఖర్చు అదొక్కటే.