వాళ్ల నాన్నకు తెలియకుండా క్యాంపు కాగితం మీద సంతకం పెట్టనా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా అమ్మాయికి పదహారేళ్లు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతోంది. కాలేజీలో ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం)లో చేరింది. ఆదివారాలు బీచ్‌లో చెత్త ఏరడానికి, మొక్కలు నాటడానికి వెళ్తోంది. ఇప్పుడు ఆనందపురం వైపు ఒక పల్లెలో వారం రోజుల క్యాంపు ఉందంటోంది. మావారు ససేమిరా అన్నారు. ‘చెత్త ఎత్తడానికా నిన్ను చదివిస్తున్నది? ఆడపిల్లవి, అన్ని రాత్రులు ఎక్కడో పడుకుంటావా? ఎంసెట్ సంగతేంటి?’ అని కేకలేశారు. మా పెద్దవాడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. పోయిన నెల ఫ్రెండ్స్‌తో అరకు వెళ్లి నాలుగు రోజులు ఉండి వచ్చాడు. వాడిని ఎవరూ ఏమీ అనలేదని అమ్మాయి ఏడ్చింది. అప్పటి నుంచి తండ్రితో మాట్లాడటం మానేసింది, కంచం గదిలోకి పట్టుకుపోయి తింటోంది. ‘నువ్వే సంతకం పెట్టమ్మా, అమ్మమ్మ వాళ్లింటికి వెళ్తున్నానని నాన్నకు చెబుదాం’ అని నన్ను బతిమాలుతోంది. ఈ వయసు పిల్లల్ని ఇలాంటి ప్రభుత్వ సేవా కార్యక్రమాలకు పంపొచ్చా? నేనేం చేయాలి?
– ఓ తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ సంతకం సంగతి. పెట్టకండి. క్యాంపులో పిల్లకు జ్వరమొచ్చినా, కాలు బెణికినా ఆ విషయం మీవారికి ఫోన్‌లో ఎవరో చెప్పగా తెలుస్తుంది. ఆ తర్వాత ఎన్ఎస్ఎస్ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేరు. అమ్మాయి చేస్తున్నది మంచి పని. దాన్ని దొంగచాటు పనిగా మార్చకూడదు. ‘నాన్నను ఒప్పించడానికి నీ వెనకే ఉంటాను, అబద్ధం మాత్రం ఆడను’ అని ఈ రాత్రే చెప్పండి. ఆ మాటలో మొదటి సగం ఆమెకు గట్టిగా వినపడాలి.

ఇక పంపొచ్చా అంటే, పంపమనే చెబుతాను. ఎందుకో చెప్పనివ్వండి.

మన ఇళ్లల్లో పదో తరగతి దాటిన పిల్లలకు చదువు తప్ప మరో పని ఉండదు. తాగిన గ్లాసు కూడా తీయనివ్వం. ‘నువ్వు చదువుకో చాలు, మిగతావన్నీ మేం చూసుకుంటాం’ అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ ర్యాంకు వచ్చేదాకా తన వల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదని పిల్ల మనసులో పడిపోతుంది. నా దగ్గరకు వచ్చే ఇంటర్ పిల్లల్లో ఎక్కువ మందిది ఇదే బాధ. ఒక్క పరీక్షలో మార్కులు తగ్గితే చాలు, తామే పనికిరాని వాళ్లమని కుంగిపోతారు. మార్కులతో సంబంధం లేకుండా ‘నువ్వు రావాలి, నీతో పని ఉంది’ అని పిలిచే చోటు ఈ వయసులో ఒకటి ఉండాలి. మీ అమ్మాయి తనంతట తానే అలాంటి చోటు వెతుక్కుంది. (వద్దంటున్న పిల్లను సర్టిఫికెట్ కోసం బలవంతంగా చేర్పించాలని ఎవరైనా రాస్తే మాత్రం ఒద్దనే అంటాను. ఎన్ఎస్ఎస్‌లో చేరడమైనా మానడమైనా ఎవరి ఇష్టం వాళ్లదే.)

మీవారి మూడు అభ్యంతరాల్లో చదువుది చిన్నది. ఎన్ఎస్ఎస్ వాలంటీర్ ఏడాదికి 120 గంటలు పని చేయాలి. అంటే వారానికి రెండు గంటల పైచిలుకు. క్యాంపు ఏడు రోజులే, అది కూడా సాధారణంగా సెలవుల్లోనే పెడతారు. సెకండియర్లో పబ్లిక్ పరీక్షలు, ఎంసెట్ (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) రెండూ మీద పడతాయి కాబట్టి వెళ్లాలంటే ఈ ఏడాదే వీలు. వచ్చాక వెనకబడిన పాఠాలు ఏ రోజుల్లో పూర్తి చేస్తుందో ఒక కాగితం మీద రాసి అమ్మాయే నాన్న చేతికివ్వాలి. ‘ఇన్ని మార్కులొస్తేనే పంపుతా’ అనే షరతు మాత్రం పెట్టనివ్వకండి. అలా పెడితే ఇదీ మళ్లీ మార్కుల లెక్కలోకే పోతుంది.

‘చెత్త ఎత్తడానికా’ అన్న మాట దగ్గర కాసేపు ఆగుతాను, ఆ మాట నన్ను బాధపెట్టింది. నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పారిశుధ్య కార్మికులు తెల్లారకముందే ఆర్కే బీచ్ రోడ్డు ఊడ్చి వెళ్తారు. వాళ్లలోనూ ఆడవాళ్లున్నారు, వాళ్ల ఇళ్లల్లోనూ ఇంటర్ చదివే పిల్లలున్నారు. చెత్త ఎత్తడం చదువుకున్న వాళ్లకు తగని పని అనుకుంటే, పారేయడం మాత్రం ఎలా తగింది? మీ అమ్మాయి ఏరే ఆ ఇసుకలోకే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటికి అడ్డుపడేది మనం పారేసిన ప్లాస్టిక్కే. ఒక్క ఆదివారం నడుం వంచి కవర్లు, బీరు సీసాలు ఏరిన పిల్ల జన్మలో బస్సు కిటికీలోంచి చిప్స్ ప్యాకెట్ విసరదు. ఇది మీవారితో వాదన పెట్టుకుంటే తెమిలే విషయం కాదు. హుద్‌హుద్ గుర్తు చేయండి. 2014 అక్టోబర్ 12న తుపాను ఊరిని ఊడ్చేశాక కరెంటు లేదు, పాల ప్యాకెట్ల కోసం క్యూలు. అప్పుడు రోడ్లకు అడ్డంగా పడిన చెట్లు తీసిన వాళ్లలో కాలేజీ పిల్లలు ఎంతమంది ఉన్నారో మీవారు చూసే ఉంటారు. ఆ పిల్లల్ని ఆ రోజు ఎవరూ ఈ మాట అనలేదు.

ఇక ఆడపిల్ల, రాత్రులు. ఇది మాత్రం తీసిపారేయాల్సిన భయం కాదు. అలాగని అబ్బాయి అరకు వెళ్తే అడ్డు చెప్పని ఇల్లు, లెక్చరర్ల వెంట క్యాంపుకు వెళ్తానంటే వద్దనడం ఆ పిల్లకు ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ ఏడుపు క్యాంపు ఒక్కదాని కోసమే వచ్చింది కాదని నాకనిపిస్తోంది. ఈ మాట మీరే, మీవారితో ఒంటరిగా ఉన్నప్పుడు, ‘మీరెప్పుడూ ఇంతే’ అనకుండా చెప్పాలి.

భయం పోవాలంటే వెళ్లి చూడటమొక్కటే మార్గం. కాలేజీకి మీరిద్దరూ వెళ్లి ఎన్ఎస్ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్‌ను కలవండి. పిల్లలు పడుకునేది బడిలోనా, కమ్యూనిటీ హాల్లోనా? అమ్మాయిల గది వేరేనా? రాత్రి వాళ్లతో మేడమ్ ఎవరు ఉంటారు, ఇంటికి వెళ్లిపోయి పొద్దున్నే వస్తారా, తెల్లవార్లూ అక్కడే ఉంటారా? బాత్రూమ్‌కు లోపల గడియ ఉందా, దారిలో లైటు ఉందా? తాగే నీళ్లు ఎక్కడివి, దగ్గర్లో ఆరోగ్య కేంద్రం ఎంత దూరం? ఇవన్నీ మొహమాటపడకుండా అడగండి. సరైన ఆఫీసరైతే విసుక్కోరు. విసుక్కుంటే ఆ క్యాంపుకు పంపొద్దని నేనే చెబుతాను. ఆనందపురం మీకు మరీ దూరం కాదు. ఒక ఆదివారం పొద్దున్నే బండి మీద బయల్దేరితే, ఆ పల్లె, ఆ గది చూసుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు. నెలసరి రోజులు ఆ వారంలో పడతాయేమో చూసి, కావాల్సినవి బ్యాగులో మీరే సర్దండి.

సేవ పేరుతో జరిగేదంతా సేవ కాదన్నదీ నిజమే. పిల్లల్ని సభలకు జనం కింద తోలుకెళ్లి ఎండలో నిలబెట్టడం, చీపురు చేతికిచ్చి పది నిమిషాలు ఫొటోలు దిగి పంపేయడం అక్కడక్కడా ఉన్నవే. అలాంటి వాటికి రానని చెప్పే హక్కు మీ అమ్మాయికి ఉందని నేర్పండి. బీచ్‌లో పని చేసేటప్పుడు చేతికి గ్లవ్స్ ఉండాలి, సూదులు, పగిలిన గాజు ఉత్త చేత్తో ముట్టుకోకూడదు. పని అయ్యాక కాళ్లు కడుక్కుంటామని సముద్రంలోకి దిగడం అస్సలు వద్దు. ఆర్కే బీచ్ అలలు ఎంత మందిని లాక్కుపోయాయో విశాఖ వాళ్లకు చెప్పక్కర్లేదు. రక్తదాన శిబిరాల్లో పేర్లు రాయడం, నీళ్లందించడం చేయొచ్చు గానీ, పద్దెనిమిది నిండకుండా రక్తం ఇవ్వకూడదు.

అమ్మాయితోనూ ఒక మాట. కంచం హాల్లోకి తెచ్చుకోమనండి. ‘నాన్నా, వెళ్లాలని ఉంది, ఎందుకంటే...’ అని ఆమె నోటితోనే ఆయన వినాలి. పల్లెలో ఏం పని చేయబోతున్నారో, ఏ ఇళ్లకు సర్వేకి వెళ్తారో చెప్పమనండి. కూతురు మాట్లాడకపోవడం మీవారినీ లోపల కోస్తూనే ఉంటుంది. తగ్గే దారి ఎవరో ఒకరు చూపించాలని ఆయనా ఎదురుచూస్తూ ఉండొచ్చు.

అన్నీ చూశాక కూడా ఆయన వద్దంటే ఈసారికి ఊరుకోండి. ఆదివారాల పని మాత్రం ఆపనివ్వకండి, దాని మీద మీరు గట్టిగా నిలబడాలి. ఎన్ఎస్ఎస్ డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ ఉంటుంది, ఈ అవకాశం ఇంటర్‌తో పోదని అమ్మాయికి చెప్పండి. ఒప్పుకుంటే మాత్రం, పంపాక రోజుకు ఆరుసార్లు ఫోన్ చేసి ప్రాణం తీయొద్దు. పని అయిపోయే సాయంత్రం వేళ ఒక టైమ్ అనుకోండి, ఆ ఫోన్ వాళ్ల నాన్ననే చేయమనండి.