ఇంజెక్షన్ డబ్బుల కోసం హెల్త్ పాలసీ ఆపేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 41. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. చేతికి వచ్చే జీతం 92 వేలు. నా బరువు 112 కిలోలు, బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతో చెప్పే కొలత) 37 ఉండేది. షుగరు, బీపీ కూడా ఉన్నాయి. డాక్టర్ బరువు తగ్గడానికి మౌంజారో ఇంజెక్షన్ రాశారు. నాలుగు నెలల్లో 9 కిలోలు తగ్గాను. మందుకు నెలకు సుమారు 16 వేలు అవుతోంది, డోసు పెంచితే ఇంకా పెరుగుతుందట. ఇంటి లోను ఈఎంఐ 31 వేలు, పిల్లలిద్దరి స్కూలు, బస్సు 13 వేలు, ఇంటి ఖర్చు 30 వేలు, ఊళ్లో అమ్మకు పంపేది 6 వేలు పోతే 12 వేలే మిగులుతాయి. మొదట్లో మందు, టెస్టులు అన్నీ క్రెడిట్ కార్డు మీదే కానిచ్చాను. ఇప్పుడు 58 వేలు బాకీ ఉంది, మినిమమ్ డ్యూ కడుతున్నాను. ఎఫ్‌డీ 1.4 లక్షలు, మ్యూచువల్ ఫండ్స్‌లో 95 వేలు ఉన్నాయి. 2019 నుంచి 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే కవర్) హెల్త్ పాలసీ కడుతున్నాను. వచ్చే నెల 34 వేల ప్రీమియం కట్టాలి. ఆఫీసులో 5 లక్షల కవర్ ఎలాగూ ఉంది కదా, ఈ పాలసీ ఆపేసి ఆ డబ్బు మందుకు వాడదామనుకుంటున్నాను. బ్యాంకు వాళ్లు 15 శాతం వడ్డీకి 3 లక్షల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా? మందు ఖర్చు తగ్గించుకోవడానికి వేరే మార్గాలేమైనా ఉన్నాయా?

జవాబు: ముందు మీరు అడిగిన రెండు ప్రశ్నలకు సూటిగా చెప్తాను. పాలసీ ఆపకండి. లోన్ తీసుకోకండి. మందు ఖర్చు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఎందుకంటే మీ లేఖలో నన్ను భయపెట్టింది 16 వేల మందు కాదు, 34 వేల ప్రీమియం మిగులుతుందన్న మీ ఆలోచన. ఈ మధ్య బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడుతున్న చాలామంది ఇదే అడుగుతున్నారు. అందుకే మీ లేఖకు కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు 2019 నుంచి ఈ పాలసీ ఆపకుండా కడుతున్నారు. దాని విలువ ఎంతో మీరు గమనించినట్టు లేదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ ఇవ్వని మొదటి కొన్నేళ్లు) ఎంత ఎక్కువ పెట్టినా మీ విషయంలో అది ఎప్పుడో అయిపోయింది. ఐదేళ్లు నిరాటంకంగా కట్టిన పాలసీని, మోసం రుజువైతే తప్ప, ఏదో చెప్పలేదన్న సాకుతో కంపెనీ కాదనడానికి వీల్లేదు. ఆ ఐదేళ్లు కూడా మీకు దాటాయి. అంటే ఈ రోజు షుగరు వల్ల గుండె దగ్గరో కిడ్నీ దగ్గరో ఏదైనా వచ్చి ఆసుపత్రిలో చేరితే, క్లెయిమ్ విషయంలో మీ అంత బలంగా నిలబడగలిగేవాళ్లు తక్కువ. ఇదంతా మీరు ఏడేళ్లు కట్టిన ప్రీమియంతో సంపాదించుకున్నది.

వచ్చే నెల ఆపేసి, రెండేళ్ల తర్వాత మళ్లీ తీసుకుందాం అనుకుంటే ఏమవుతుందో చూడండి. అప్పటికి మీకు 43. ప్రపోజల్ ఫారంలో షుగరు, బీపీ, ఊబకాయం, ఇంజెక్షన్ అన్నీ రాయాలి. దాస్తే క్లెయిమ్ రోజున దొరికిపోతారు. రాస్తే జబ్బులున్నాయని ప్రీమియం పెంచుతారు (లోడింగ్ అంటారు), లేదంటే పాలసీ ఇవ్వమంటారు. ఇచ్చినా, ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల వెయిటింగ్ మళ్లీ మొదటినుంచి పెట్టొచ్చు. ఒక్కసారి వదులుకుంటే 34 వేలు కాదు, 3 లక్షలు పెట్టినా మీ 2019 పాలసీ తిరిగి రాదు.

ఆఫీసు కవర్ గురించి రాశారు. ఆ 5 లక్షలు మీవి కావు, మీ కంపెనీవి. ఉద్యోగం ఉన్నంత వరకే ఉంటాయి. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగాలు ఎలా ఉన్నాయో నేను చెప్పనక్కర్లేదు. ఉద్యోగం పోయిన నెలలోనే ఆసుపత్రి ఖర్చు వస్తే జీతమూ ఉండదు, కవరూ ఉండదు. మీ భార్య, ఇద్దరు పిల్లలు కూడా ఈ ఫ్లోటర్‌లోనే ఉన్నారని మరచిపోవద్దు. మీ మందు కోసం వాళ్ల రక్షణ తీసేస్తున్నారు.

ఇంకో విషయం మీకు తట్టలేదేమో. బరువు తగ్గే మందులకు మన పాలసీలు మామూలుగా డబ్బు ఇవ్వవు. కానీ బేరియాట్రిక్ సర్జరీ, అంటే బరువు తగ్గడానికి పొట్టకు చేసే ఆపరేషన్, సంగతి వేరు. బీఎంఐ 40 లేదా ఆపైన ఉన్నవాళ్లకు, లేదా 35 లేదా ఆపైన ఉండి తీవ్రమైన గుండె జబ్బు, స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగడం), అదుపులోకి రాని షుగరు లాంటివి ఉన్నవాళ్లకు, డాక్టర్ సలహా మీద చేసే సర్జరీని ఊబకాయం పేరుతో పాలసీ మినహాయించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన చెబుతోంది. మీకు అది అవసరమా కాదా అన్నది డాక్టర్ చెప్పాల్సిన మాట, నేను చెప్పేది కాదు. ఇప్పుడు తగ్గుతున్నారు కాబట్టి బహుశా అవసరం రాదు. కానీ రేపు మందు పడక మానేయాల్సి వచ్చి, బరువు తిరిగొచ్చి, సర్జరీ మాట వస్తే డబ్బు ఇవ్వగలిగే ఆ ఒక్క కాగితాన్నే మీరు మందు కోసం చించేస్తున్నారు.

ఇక పర్సనల్ లోన్. దీని మీద నాకు ఓపిక లేదు, దాచను. 3 లక్షలు, 15 శాతం, మూడేళ్లు అంటే ఈఎంఐ దాదాపు 10,400. మొత్తం వడ్డీ సుమారు 74 వేలు, ప్రాసెసింగ్ ఫీజు అదనం. సరే, ఇప్పుడు మందు లెక్క వేయండి. నెలకు 16 వేల చొప్పున 3 లక్షలు ఏడాదిన్నరకు అయిపోతాయి. డోసు పెంచితే ఇంకా ముందే. ఆ తర్వాత మరో ఏడాదిన్నర ఈఎంఐ కట్టాలి, మందు కూడా కొనాలి. నెలకు 12 వేలు మిగిలే ఇంట్లో 26 వేలు ఎక్కడినుంచి తెస్తారు? అప్పుడు బ్యాంకు మళ్లీ ఫోన్ చేసి టాప్‌అప్ లోన్ ఇస్తానంటుంది. ఇలా మొదలైన అప్పులు ఇంటి లోను బౌన్స్ దాకా వెళ్లడం నేను చాలా ఇళ్లలో చూశాను.

ఇక్కడే అసలు పొరపాటు ఉంది. మీరు దీన్ని ఒక ఏడాది కోర్సులా లెక్క వేస్తున్నారు. ఇది అలాంటి మందు కాదు. మీ మౌంజారోలో ఉండే టిర్జెపటైడ్ ఆపేసినవాళ్లకు తగ్గిన బరువులో చాలా భాగం తిరిగొచ్చిందని, ఇలాంటిదే మరో మందు సెమాగ్లుటైడ్ ఆపినవాళ్లకు ఏడాదిలో దాదాపు మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని ట్రయల్స్‌లోనే తేలింది. ఎన్నాళ్లు వాడాలో మీ డాక్టర్‌ను సూటిగా అడగండి. సంవత్సరాలు అని చెబితే, అది మీ ఇంట్లో బియ్యం, కరెంటు బిల్లు లాంటి నెలసరి ఖర్చు. నెలసరి ఖర్చుకు అప్పు చేసే ఇల్లు నిలబడదు. జీతంలో పట్టే మందే వాడాలి.

కార్డు బాకీ ఇంకా దారుణం. మినిమమ్ డ్యూ కట్టి మిగతాది వదిలేస్తే చాలా కార్డులు నెలకు సుమారు 3.5 శాతం వడ్డీ వేస్తాయి, దాని మీద 18 శాతం జీఎస్‌టీ. మీ 58 వేల మీద నెలకు రెండు వేలకు పైగా ఊరికే పోతోంది. ఏడాదికి చూస్తే మీరు ఆపేద్దామనుకుంటున్న ప్రీమియంలో ముప్పావు వంతు పైనే అది. కాబట్టి ఈ వారంలోనే మ్యూచువల్ ఫండ్స్ అమ్మేయండి. లాభం వస్తుందా నష్టం వస్తుందా అని చూస్తూ కూర్చోవద్దు, 40 శాతం వడ్డీ బాకీని మించి ఏ ఫండూ సంపాదించదు. 95 వేలలో 58 వేలతో కార్డు పూర్తిగా తీర్చండి. మిగిలిన 37 వేలలోంచి 34 వేలు ప్రీమియం కట్టండి. గడువు తేదీకి ముందే కట్టండి. గడువు దాటాక కూడా కట్టడానికి గ్రేస్ పీరియడ్ 30 రోజులు ఉంటుందని నమ్ముకోవద్దు, ఆ మధ్యలో ఆసుపత్రిలో చేరితే కవర్ లేదనొచ్చు. వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు కాబట్టి, 34 వేలు అన్నది పాత నోటీసు లెక్క అయితే ఒకసారి సరిచూసుకోండి.

ఎఫ్‌డీలో ఉన్న 1.4 లక్షలను ముట్టుకోకండి. అదే మీ అత్యవసర నిధి, అది కూడా చాలా చిన్నది. మీ ఖర్చు నెలకు 80 వేలు. ఆరు నెలలకైతే 4.8 లక్షలు కావాలి. మీ దగ్గర ఉన్నది రెండు నెలలకు కూడా చాలదు. ఈఎంఐ, ఇద్దరు పిల్లల ఫీజులు, ఊళ్లో అమ్మ, ఒకే జీతం. ఇలాంటి ఇంట్లో మందు కంటే ముందు ఈ నిధి ఉండాలి. మిగిలే 12 వేలలో 4 వేలు జీతం పడిన రోజే రికరింగ్ డిపాజిట్‌లోకి వెళ్లిపోవాలి. బోనస్, పాత టీడీఎస్ రీఫండ్, ఏది వచ్చినా అందులోకే. అంటే మందుకు మీ దగ్గర ఉన్నది నెలకు 8 వేలు. ఈ సంఖ్య రాసుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

డాక్టర్‌కు డబ్బు సంగతి చెప్పడానికి మనవాళ్లు సిగ్గుపడతారు. సిగ్గుపడకండి. "సార్, నేను నెలకు 8 వేలే పెట్టగలను, అందులో పట్టే మందు ఏదైనా ఉందా" అని అడగండి. అడగడానికి ఇప్పుడు మంచి కారణం ఉంది. సెమాగ్లుటైడ్ పేటెంట్ మన దేశంలో 2026 మార్చితో ముగిసింది. దేశీయ కంపెనీల మందులు రావడంతో ధరలు బాగా దిగాయి. అంతకుముందే, 2025 నవంబర్‌లో, సెమాగ్లుటైడ్ బ్రాండ్ అయిన వెగోవీ ప్రారంభ డోసు ధరను నెలకు 17,345 నుంచి 10,850కి తగ్గించారు. మీరు వాడుతున్న మౌంజారో టిర్జెపటైడ్, అది వేరే మందు, దానికి ఇంకా పేటెంట్ ఉంది. సగటున బరువు తగ్గించడంలో టిర్జెపటైడ్‌దే పైచేయి. కానీ 8 వేలలోపు దొరికి ఐదేళ్లు కొనసాగించగలిగే మందు, ఏడాదిన్నరకు అప్పుతో ఆగిపోయే మందు, ఈ రెంటిలో ఏది మీకు మేలు చేస్తుందో డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోండి. మార్చాలా, ఎలా మార్చాలి, ఏ డోసుతో మొదలుపెట్టాలి అన్నవన్నీ వారే చెప్పాలి. ఇప్పుడున్న డోసుతోనే బరువు తగ్గుతుంటే డోసు పెంచడం నిజంగా అవసరమా అని కూడా అడగండి.

డబ్బు మిగులుతుందని మీ అంతట మీరు వారాలు వదిలేయడం, పెద్ద డోసు పెన్ను కొని ఇంట్లో పంచుకుని వాడడం చేయకండి. వాట్సాప్ గ్రూపుల్లో, జిమ్ముల్లో సగం ధరకు దొరికేవాటి జోలికి అసలు పోవద్దు. ఫ్రిజ్‌లో పెట్టాల్సిన మందు, ఎక్కడ తిరిగొచ్చిందో తెలియదు, అసలుదో నకిలీదో తెలియదు. మందుల షాపులో డాక్టర్ చీటీ చూపించి, బ్యాచ్ నంబరుతో బిల్లు తీసుకునే కొనండి. లైసెన్సున్న ఆన్‌లైన్ ఫార్మసీల డిస్కౌంట్లు సరిపోల్చుకోవడంలో తప్పు లేదు.

చిన్న విషయాలు కొన్ని. మీ కంపెనీ పాలసీలో ఓపీడీ (ఆసుపత్రిలో చేరకుండా అయ్యే ఖర్చు) లేదా వెల్‌నెస్ ఖాతా ఉందేమో హెచ్‌ఆర్‌ను అడగండి, మందు కాకపోయినా కన్సల్టేషన్లు, రక్త పరీక్షలైనా దానిలో పోతాయి. షుగరు, బీపీ మాత్రలు జన ఔషధి కేంద్రంలో తీసుకుంటే నెలకు కొన్ని వందలు తగ్గుతాయి. అమ్మ మందులు కూడా చూడండి. పన్ను మినహాయింపు మీద ఆశ పెట్టుకోవద్దు. 80డీగా మనకు తెలిసిన మినహాయింపు ప్రధానంగా ప్రీమియానికి వస్తుంది, మీ ఇంజెక్షన్ బిల్లులకు రాదు, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. బంగారం తాకట్టు గురించి మీరు అడగలేదు, ఎవరైనా చెప్పినా వినకండి. వడ్డీ తక్కువే కావచ్చు, కానీ ప్రతి నెలా వచ్చే ఖర్చుకు ఒక్కో నగ తీసుకెళ్లి పెట్టడం ఎక్కడ ఆగుతుంది?

మీ లేఖలో టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) మాటే లేదు. ఇంటి లోను ఉంది, సంపాదించేది మీరొక్కరే. ఉంటే మంచిది. లేకపోతే ఇప్పుడే అప్లై చేయండి, బరువు, షుగరు, మందు అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాయండి. ప్రీమియం కాస్త ఎక్కువ అడిగినా తీసుకోండి. "ఇంకో 15 కిలోలు తగ్గాక తీసుకుంటాను, అప్పుడు చవగ్గా వస్తుంది" అని వాయిదా వేసేవాళ్లున్నారు. ఆ తగ్గేలోపు ఏమైనా జరిగితే ఇల్లు, పిల్లల చదువు మీ భార్య మీద పడతాయి. తగ్గాక ఇంకో కంపెనీలో తక్కువకు దొరికితే, కొత్తది చేతికొచ్చాకే పాతది వదలండి.

డాక్టర్‌తో మాట్లాడాక మందు నెలకు 8 వేలలోకి రాకపోతే ఆ సంఖ్యతో మళ్లీ రాయండి. ఇంటి ఖర్చు 30 వేలలో ఎక్కడ తగ్గించొచ్చో, ఇంటి లోను కాలపరిమితి పెంచి ఈఎంఐ దించొచ్చో అప్పుడు చూద్దాం. ఈలోగా ప్రీమియం కట్టి రసీదు తీసుకోండి, కార్డు బాకీ సున్నా అయినట్టు స్టేట్‌మెంట్ చూసుకోండి, లోన్ కోసం ఫోన్ చేస్తున్న బ్యాంకు వాళ్లకు వద్దని చెప్పేయండి.