సైట్‌కు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ వస్తోంది, వారంలో ఏం సర్దుకోవాలి?

కర్నూలులో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మూడో స్లాబ్ అయిపోయింది, ముప్పై మంది దాకా పనిలో ఉన్నారు, వచ్చే వారం ఇన్‌స్పెక్షన్, ఏ కాగితాలు రెడీ చేసుకోవాలి అని అడిగారు. నేను నంద్యాల రోడ్డు వైపు సైట్లలో సూపర్‌వైజర్‌గా చేస్తుంటాను. కాగితాలకు ఒక పూట చాలు. మిగతా వారమంతా స్లాబ్ అంచుల మీద పెట్టండి, వచ్చినవాళ్లు ముందు చూసేదీ, మనుషులు పడేదీ అక్కడే.

లిఫ్ట్ గుంతకు ఎర్ర రిబ్బన్ కట్టి ఊరుకునే సైట్లే ఎక్కువ. రిబ్బన్‌కు మనిషి ఆగడు. నడుము ఎత్తున ఒక పైపు, దాని కింద మధ్యలో ఇంకొకటి, పాదం దగ్గర ఒక పలక కట్టించండి. ఇటుక ముక్కో సుత్తో జారి కిందివాళ్ల నెత్తిన పడకుండా ఆ పలక. మెట్లకూ, బాల్కనీలకూ, పైపులు దిగే డక్టులకూ ఇదే. స్లాబ్‌లో వదిలిన కంత (కటౌట్) మీద ప్లైవుడ్ ముక్క ఊరికే పరిచి వదలడం మరీ డేంజర్. ఎవరో పనికొస్తుందని రెండు చేతులా ఎత్తి పట్టుకుని ముందుకు నడుస్తాడు, చెక్క అడ్డంగా ఉండి కాలి ముందు ఏముందో కనబడదు. మేకులు కొట్టించి, పైన పెద్ద అక్షరాలతో 'కింద గుంత' అని రాయించండి.

సేఫ్టీ బెల్టుల గురించి చాలామందికి అపోహ ఉంది. బెల్టు ఉంటే చాలనుకుంటారు. తాడు పొడవు, షాక్ అబ్జార్బర్ సాగేది, మనిషి ఎత్తు అన్నీ కలిపితే బెల్టు మనల్ని పట్టి ఆపడానికి కింద సుమారు 6 మీటర్ల ఖాళీ కావాలి. మొదటి అంతస్తులో అంత ఎక్కడిది? బెల్టు బిగిసేలోపే నేల తగులుతుంది. అక్కడ కాపాడేది రెయిలింగే. ఒకసారి మా సైట్‌లో ఇన్‌స్పెక్టర్ బిహార్ కుర్రాడిని పిలిచి, బెల్టు ఎలా తగిలిస్తావో చూపించమన్నారు. వాడు చకచకా వేసుకుని, కొక్కెం తీసుకెళ్లి తన కాళ్ల కిందున్న స్కాఫోల్డింగ్ పైపుకే తగిలించాడు. ఆ పైపు ఊడితే వాడూ దాంతోపాటే. కొక్కెం తలకు పైన, వేరే గట్టి ఆధారానికి ఉండాలి. బెల్టులు పంచితే సరిపోదు, ఒక్కొక్కరి చేత తగిలించి చూడండి. కొత్త హెల్మెట్లు ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున పంచడం కూడా వద్దు. వాటి మీది ప్లాస్టిక్ కవర్ చూసి ఇన్‌స్పెక్టర్లకు వెంటనే తెలిసిపోతుంది.

కరెంటు విషయానికొస్తే, సాకెట్‌లో వైరు కొసలు దూర్చి అగ్గిపుల్లలు గుచ్చిన చోట్లన్నీ వెతికి ప్లగ్గులు పెట్టించండి. మిక్సర్, వైబ్రేటర్, కటింగ్ మెషీన్ లైన్లకు 30 మిల్లీ ఆంప్స్ ఈఎల్‌సీబీ, అంటే కరెంటు లీకైతే లైన్ ఆపేసే బ్రేకర్, ఉండాలి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే అది గోడకు అలంకారం, మార్చేయండి.

పునాది గుంతలు ఇంకా ఏవైనా తెరిచి ఉంటే, తవ్విన మట్టిని అంచు నుంచి కనీసం 1.5 మీటర్ల అవతలికి జరిపించండి, లోతు ఎక్కువుంటే ఇంకా దూరం. మన నల్లరేగడి ఎండకు బీటలు వారి గట్టిగా కనిపిస్తుంది, ఒక్క వాన పడితే పెళ్లలు పెళ్లలుగా జారుతుంది. సంపుకు మూత తప్పనిసరి. వాచ్‌మన్ పిల్లలు అక్కడక్కడే ఆడుకుంటుంటారు.

తాగే నీళ్లు మరుగుదొడ్డికి 6 మీటర్ల లోపు ఉండకూడదని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే రాశారు. అది తాగే నీళ్లని బోర్డు పెట్టాలి, అదీ అక్కడ ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో. మీ దగ్గర హిందీ వాళ్లు ఎక్కువైతే హిందీలో కూడా రాయించండి. ఆడవాళ్లకు వేరే టాయిలెట్, లోపలి గడియతో. ఎండలకు పని ఉదయం ఆరుకే మొదలుపెట్టి, మధ్యాహ్నం ఆపి, మళ్లీ సాయంత్రం చేయించండి. నీడ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంచండి.

ఫస్ట్ ఎయిడ్ డబ్బా కొనడం సులువే, తాళం ఎవరి దగ్గరుందనేదే అసలు ప్రశ్న. సిమెంటు మాల్ మోసే ఒకామెను ఇన్‌స్పెక్టర్ అడిగారు: "ఏమ్మా, దెబ్బ తగిలితే ఎవరికి చెప్తావు?"

"మేస్త్రీకి సార్."

"మేస్త్రీ లేకపోతే?"

ఆమె నా వైపు చూసింది. డబ్బా తాళమేమో అన్నానికి వెళ్లిన స్టోర్ కీపర్ జేబులో ఉంది. అప్పటి నుంచి మా డబ్బాకు తాళమే లేదు. దూది పోతే పోయింది.

ఇక కాగితాలు: లేబర్ రిజిస్ట్రేషన్, హాజరు, జీతాల రిజిస్టర్లు, నిర్మాణ ఖర్చు మీద 1 శాతం కార్మిక సంక్షేమ సెస్ కట్టిన రశీదు, కార్మికుల గుర్తింపు కార్డులు, లిఫ్టింగ్ మెషీన్ ఉంటే దాని టెస్ట్ సర్టిఫికెట్. 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి ఏ ఫారాల్లో అడుగుతున్నారో లేబర్ ఆఫీసులో కనుక్కుని రండి.

ఆ రోజు పని ఆపి లేబర్‌ను ఇళ్లకు పంపేద్దామని మీ కాంట్రాక్టర్ అనొచ్చు. ఒప్పుకోకండి, ఖాళీ సైట్ చూస్తే అనుమానం పెరిగి మళ్లీ వస్తారు. తప్పు చూపిస్తే వాదించకుండా రాసుకోండి, అప్పటికప్పుడు సరిచేయగలిగింది వాళ్లుండగానే చేయించండి. తేదీ మీ చేతిలో ఉంటే స్లాబ్ పోసే రోజు మాత్రం వద్దనండి, ఆ హడావుడిలో వాళ్లకూ మీకూ ఏమీ కనబడదు.